వాన... వాళ్లది కూడా!

చినుకు పడితే పిల్లలకు పండగే. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మాత్రం ఆ పండగ కిటికీ దగ్గరే ఆగిపోతుంది. 'తడిస్తే ఏమవుతుందో' అన్న భయంతో పెద్దవాళ్లు తలుపు వేసేస్తారు. కానీ ఆ చినుకులూ, ఆ బురదా వాళ్లకు నేర్పేది చాలా ఉంది. కావాల్సిందల్లా కాస్త ముందుచూపు, కాస్త ఓపిక!

గోదావరిఖనిలో ఎండాకాలం అంటే ఆషామాషీ కాదు. రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటడం అక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. పొద్దెక్కితే పిల్లలు గడప దాటలేరు. సాయంత్రం చల్లబడ్డాక బయటికొస్తే చెట్ల ఆకుల మీద బొగ్గు దుమ్ము. మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడితే గానీ ఊరు తేరుకోదు. దుమ్ము కొట్టుకుపోయి వేపచెట్లు కడిగిన ముత్యాల్లా కనిపిస్తాయి. ఓపెన్‌కాస్టు గనుల్లో నీళ్లు చేరి బొగ్గు తీత ఆగిపోతోందని సింగరేణి కంపెనీకి దిగులు. క్వార్టర్ల మధ్య సందుల్లో పిల్లలకు ఆ దిగులేమీ ఉండదు. కాగితపు పడవలు, కాళ్లతో నీళ్లు చిమ్ముకోవడాలు, వల్లప్ప పాటలు... ఒకటే గోల!

ఆ గోలలో కలవని పిల్లలూ అదే వీధిలో ఉంటారు. ఆటిజం ఉన్న బాబు, సెరిబ్రల్ పాల్సీతో నడవలేని పాప, డౌన్ సిండ్రోమ్ ఉన్న చిన్నోడు... వాళ్లకు వాన అంటే కిటికీ చువ్వల అవతల కనిపించే దృశ్యం, అంతే.

నాలుగు నెలలూ నాలుగు గోడలేనా?

తల్లిదండ్రుల భయాల్లో అర్థముంది. జలుబు చేస్తుందేమో, ఫిట్స్ వస్తాయేమో, జారిపడతాడేమో... వీటన్నిటికీ తోడు పైకి చెప్పుకోని భయం ఇంకోటుంది. 'బురదలో అలా దొర్లుతుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?' అని.

కానీ లెక్క వేసి చూడండి. తెలంగాణలో వానలన్నీ దాదాపు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. అంతకుముందు మూడు నెలలు ఎండ బయటికి రానివ్వదు. ఆ తర్వాత ముసురు పట్టిందని మనం రానివ్వం. అంటే ఏడాదిలో సగానికి పైగా ఆ బిడ్డకు ఆరుబయట ఆట లేనట్టే! మామూలు పిల్లలైతే ఇంట్లోనే ఏదో ఒక ఆట కల్పించుకుంటారు. వీళ్లలో చాలామందికి ఆ వీలుండదు. కదలిక తగ్గితే చిరాకు, ఏడుపు, రాత్రిళ్లు నిద్రపట్టకపోవడం ఎక్కువవుతాయి. బిడ్డతోపాటు తల్లీ ఇంట్లోనే బందీ అయిపోతుంది.

బురదే బడి

చూపు, వినికిడి, స్పర్శ, రుచి, వాసన... జ్ఞానేంద్రియాలు అయిదని చిన్నప్పుడు అందరం చదువుకున్నాం. వీటికి తోడు మరో రెండు శక్తులు మన ఒంట్లో పనిచేస్తుంటాయి. ఒకటి లోపలి చెవిలో ఉండి ఒళ్లు పక్కకు ఒరిగిందా, నిలకడగా ఉందా అన్నది చెబుతుంది. రెండోది కండరాలు, కీళ్ల నుంచి కబురు మోస్తుంది. చెయ్యి ఎక్కడుంది, కాలు ఎంత బలంగా వేయాలి అన్నది మెదడుకు తెలిసేది దానివల్లే. ఆటిజం లాంటి సమస్యలున్న పిల్లల్లో చాలామందికి ఈ కబుర్లు సరిగా అందవు. కొన్ని మరీ ఎక్కువగా, కొన్ని మరీ తక్కువగా అందుతాయి. అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఏయర్స్ 1972లో రాసిన పుస్తకంతో ఈ విషయం మీద చర్చ పెద్దదైంది. ఆమె సిద్ధాంతంలోని కొన్ని అంశాలపై వాదోపవాదాలు ఉన్నా, నేటికీ చాలా థెరపీ గదుల్లో ఊయలలు, ఇసుక తొట్లు, బరువు సంచులు కనిపించడం వెనక ఉన్నది ఆ ఆలోచనే.

ఇప్పుడు వానలో నడకను చూడండి. బురదలో దిగిన కాలిని పైకి లాగాలంటే పిక్కలు గట్టిగా పనిచేయాలి. జారే నేల మీద నిలబడాలంటే ఒంటి తూకం కుదరాలి. నీళ్లు నిండిన చిన్న బకెట్ మోస్తే భుజాలకు బరువు తెలుస్తుంది. తడిమట్టి పిసికితే రేపు పెన్సిల్ పట్టాల్సిన వేళ్లకు బలం వస్తుంది. థెరపీ గదిలో కొని పెట్టుకునే వస్తువుల పని చాలావరకు వాన పైసా తీసుకోకుండా చేసిపెడుతుందన్నమాట! అలాగని థెరపీ మానేయమని కాదు. అక్కడ నేర్చుకున్నదాన్ని బిడ్డ సరదాగా సాధన చేసే చోటు ఇదీ అని.

మాటల సంగతీ అంతే. పుస్తకంలో బొమ్మ చూపించి 'తడి' అంటే ఎక్కని మాట, చెయ్యి తడిసినప్పుడు అంటే ఎక్కుతుంది. చల్లన, జారుడు, నిండింది, ఒలికింది, ఇంకా కావాలి, చాలు... ఒక్క జల్లులో ఎన్ని మాటలో!

అందరికీ ఒకటే వాన కాదు

ఒక బిడ్డకు హాయినిచ్చే జల్లు ఇంకో బిడ్డకు సూదుల్లా గుచ్చుకోవచ్చు. రేకుల మీద పడే చప్పుడుకే చెవులు మూసుకునే పిల్లలున్నారు. అలాంటివాళ్లను చెయ్యి పట్టి వానలోకి లాగితే మరో ఏడాది దాకా గడప దాటరు. వాళ్లకు వాన వెలిశాకే మొదలుపెట్టాలి. ముందురోజు వరండాలో కూర్చోబెట్టి చూరు నీళ్ల కింద ఒక్క వేలు పెట్టించండి. మర్నాడు అరచెయ్యి. తర్వాత రెండు అడుగులు. చొక్కా తడిస్తే చిరాకుపడే పిల్లలకు గొడుగు ఉండనే ఉంది.

ఇంకొందరుంటారు. ఎంత తడిసినా చాలదు, నీళ్లు కనిపిస్తే చాలు పరుగే. వాళ్ల విషయంలో హద్దు ముఖ్యం. ముగ్గుపిండితో గీత గీస్తే వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ఇటుకలు పేర్చో, తాడు కట్టో 'ఇంతవరకే' అని చూపించాలి. 'ముందు బూట్లు, తర్వాత వాన, తర్వాత తువ్వాలు, ఆ తర్వాత వేడి పాలు' అని నాలుగు బొమ్మలు గీసి గోడకు అంటిస్తే ఆట ఎప్పుడు ముగుస్తుందో బిడ్డకు ముందే తెలుస్తుంది. లోపలికి రమ్మన్నప్పుడు చేసే పేచీ చాలావరకు తగ్గుతుంది.

నడవలేని పిల్లలకు ఆటే వాళ్ల దగ్గరికి రావాలి. చక్రాల కుర్చీ మీద పళ్లెం పెట్టి అందులో తడి ఇసుక, ఆకులు, నీళ్లు పెట్టొచ్చు. కుర్చీ చక్రాలు బురదలో దిగబడకుండా పాత చెక్కలు పరిస్తే సరి. చూపు లేని బిడ్డకు వాన ఒక చప్పుళ్ల లోకం. రేకు మీద ఒకలా, అరటాకు మీద ఒకలా, బకెట్‌లో ఒకలా! వినపడని బిడ్డ చేతికి ఓ స్టీలు పళ్లెం ఇచ్చి చూరు కింద పట్టుకోమనండి. ఆ దరువు వేళ్లకు తెలుస్తుంది.

ఇంటి ముందే ఆటలు

వీటికి బజారుకు వెళ్లి కొనాల్సిందేమీ లేదు.

చూరు నీళ్లు: వరసగా చెంబు, గిన్నె, డబ్బా పెట్టి ఏది ముందు నిండుతుందో చూడమనడం. ఎక్కువ, తక్కువ, ముందు, వెనక... లెక్కల పాఠం అక్కడే మొదలు.

పడవల పందెం: కాగితం మడవడం రాకపోతే ఆకు వేసినా పడవే. అది కదులుతుంటే కళ్లతో వెంబడించడం, తన వంతు వచ్చేదాకా ఆగడం అలవాటవుతాయి.

మట్టి బొమ్మలు: వానాకాలంలోనే వినాయక చవితి. అప్పటిదాకా ఆగకుండా ముద్దలు, పాములు, ఉండ్రాళ్లు చేయించొచ్చు. అన్నీ నోట్లో పెట్టుకునే పిల్లలైతే మట్టికి బదులు గోధుమపిండి ముద్ద ఇవ్వండి.

ఆరుద్ర పురుగులు: తొలకరికి నేల మీద ఎర్రటి మఖమల్ ముక్కల్లా తిరిగే ఈ పురుగుల్ని పట్టుకోకుండా వంగి చూస్తూ లెక్కపెట్టడం. చూపు నిలవని పిల్లాడు కూడా కాసేపు నిలుస్తాడు.

కొప్పెర నడక: గోనెసంచిని కొప్పెరలా మడిచి తల మీద వేసుకుని, నీటి గుంటలు దాటుకుంటూ నడవడం. సంచి బరువు ఒంటికి తెలుస్తుంది, ఆటా అవుతుంది.

మొదట పది నిమిషాలు చాలు. బిడ్డ నవ్వుతుండగానే ఆట ముగిస్తే రేపు మళ్లీ తనే చెప్పులు వెతుక్కుంటాడు.

టోపీ, బూట్లు లేకుండా గనిలోకి దిగుతారా?

బొగ్గు గనిలో ప్రమాదం ఉంటుందని ఎవరూ డ్యూటీ మానరు. తలకు టోపీ, కాళ్లకు బూట్లు, క్యాప్ ల్యాంపు... అన్నీ సరిచూసుకుని దిగుతారు. పిల్లల్ని వానలోకి దింపడానికీ అదే పద్ధతి.

తొలి వానకు తొందరపడొద్దు. పైకప్పుల మీద పేరుకున్న దుమ్మంతా ఆ నీళ్లలోనే కొట్టుకొస్తుంది. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన నిలిచిన నల్లటి నీళ్లు, మోరీ నీళ్లు ఆటకు పనికిరావు. పాత క్వారీ గుంటల వైపు అసలు వెళ్లనివ్వకూడదు. పైకి చెరువులా కనిపించినా వాటి లోతు తెలియదు, అంచులు జారతాయి. ఇంటి నుంచి చెప్పకుండా వెళ్లిపోయే అలవాటున్న పిల్లలు నీళ్ల వైపే వెళ్లే ప్రమాదం ఎక్కువ కాబట్టి గేటుకు గడియ తప్పనిసరి. కరెంటు స్తంభాలు, స్టే వైర్లకు దూరంగా ఉండాలి. ఉరుము వినిపించిందంటే ఆట బంద్! ఆఖరి ఉరుము తర్వాత అరగంట గడిస్తేనే మళ్లీ బయటికి. ఉత్త కాళ్లతో తిప్పకుండా చెప్పులో, బూట్లో వేయాలి. ఒట్టి కాళ్లతో మట్టి తొక్కాలంటే గాజుపెంకులు, పురుగూపుట్రా లేవని చూసుకున్న శుభ్రమైన చోటే తొక్కించాలి.

మూర్ఛ ఉన్న పిల్లలకు మందు ఒక్క పూట తప్పినా, జ్వరం వచ్చినా ఫిట్స్ ముప్పు పెరుగుతుంది. మందు తప్పకుండా వేసి, నీళ్ల దగ్గర చెయ్యి చాపితే అందేంత దూరంలోనే పెద్దవాళ్లు ఉండాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి పుట్టుకతోనే గుండె సమస్య ఉంటుంది. కొందరికి మెడ ఎముకలు వదులుగా ఉంటాయి. డాక్టర్ని అడగకుండా పల్టీలు, గెంతులు వద్దు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు ఒళ్లు చల్లబడితే కండరాలు బిగుసుకోవచ్చు. ఆట కాగానే ఒళ్లు తుడిచి, పొడిబట్టలు వేసి, చేతులు సబ్బుతో కడగాలి. ఆడిన గిన్నెల్లో, డబ్బాల్లో నీళ్లు వదిలేస్తే దోమలకు ఇల్లు కట్టిచ్చినట్టే. అన్నీ బోర్లించండి.

ఇదంతా తల్లి ఒక్కతే చేయాలంటే కష్టం. గని ఊళ్లో ఓ వెసులుబాటుంది. ఫస్ట్ షిఫ్టు తండ్రి సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. సెకండ్ షిఫ్టయితే పొద్దున ఉంటాడు. షిఫ్టును బట్టి రోజులో ఓ పావుగంట 'నాన్నతో వాన' అనుకుంటే తల్లికి కాస్త విరామం, బిడ్డకు కొత్త తోడు.

ఆట కూడా హక్కే

ఆడుకోవడం ప్రతి బిడ్డ హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతోంది. దానికి మన దేశం 1992లో ఒప్పుకుంది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఇంకాస్త ముందుకెళ్లింది. 1995 చట్టంలో వైకల్యాలు ఏడు రకాలే. కొత్త చట్టం ఆటిజంతో సహా 21 రకాలను గుర్తించింది. బడుల్లో చదువుతోపాటు ఆటల్లో, వినోదంలోనూ ఈ పిల్లలకు అందరితో సమానంగా అవకాశం ఇవ్వాలని అందులోని 16వ సెక్షన్ చెబుతోంది. అంటే పీటీ పీరియడ్‌లో వాళ్లను తరగతి గదిలో కూర్చోబెట్టడం సరికాదు. సమగ్ర శిక్ష కింద నడుస్తున్న భవిత కేంద్రాల్లో ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లుంటారు, ఫిజియోథెరపీ చేయిస్తారు. బిడ్డకు ఏ ఆట సరిపోతుందో, కుర్చీలో ఎలా కూర్చోబెట్టాలో వాళ్లను అడగొచ్చు.

బయటి దేశాల్లో దీన్ని ఎప్పుడో పట్టించుకున్నారు. లేడీ అలెన్ అనే ఉద్యాన శిల్పి పూనికతో లండన్‌లోని చెల్సీలో 1970లో వికలాంగ బాలల కోసమే ఓ సాహస క్రీడాస్థలం వెలిసింది. డెన్మార్క్, జర్మనీల్లోని అడవి బడుల్లో పిల్లలు రెయిన్‌కోట్లు, బూట్లు తొడుక్కుని వానలోనూ బయటే ఆడతారు. మనకు అంత ఏర్పాటు అక్కర్లేదు. క్వార్టర్ల ముందున్న కాస్త ఖాళీ జాగా, ఓ రేకుల పంచ, నాలుగు గిన్నెలు చాలు.

వాటితోపాటు కావాల్సింది ఒక్కటే... తోటి పిల్లలు. 'వాడితో ఆడొద్దు' అని పెద్దవాళ్లు చెబితే తప్ప పిల్లలకు ఆ తేడా అంతగా పట్టదు. మాట రాని పిల్లాడు కూడా పడవ వదలగలడు. నడవలేని పాప కూడా పందెంలో ఎవరు గెలిచారో చెప్పగలదు. ఈసారి చినుకులు మొదలయ్యాక మీ పిల్లలు బయటికి పరుగెత్తబోతుంటే ఒక్క మాట చెప్పి పంపండి... 'పక్కింటి తమ్ముణ్ని కూడా పిలుచుకోండ్రా' అని!