ఫోన్ ముసలిదైందా, బ్యాటరీ ముసలిదైందా?

మూడేళ్లు వాడిన ఫోన్ ఒకటి తీసుకుందాం. పొద్దున 100 శాతం ఛార్జింగుతో బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల వేళకే 40కి దిగుతుంది. ఇంకా 30 ఉంది కదా అని కెమెరా తెరిస్తే టక్కున స్విచాఫ్ అవుతుంది. ఛార్జర్ తగిలించగానే మళ్లీ 28 ఉందని చూపిస్తుంది. యాప్‌లు తెరుచుకోవడానికి మొరాయిస్తాయి. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: దీని పని అయిపోయింది, కొత్తది కొను.

ఆ ఫోన్‌లో తెర బాగానే ఉంది. ప్రాసెసర్, కెమెరా, స్పీకర్ అన్నీ బాగానే ఉన్నాయి. అరిగిపోయింది బ్యాటరీ ఒక్కటే. దాన్ని మార్చడానికి అయ్యే ఖర్చు కొత్త ఫోన్ ధరలో చిన్న వంతు. ఈ తేడా తెలియక ఎన్నో ఇళ్లలో వాయిదాల మీద కొత్త ఫోన్లు కొంటున్నారు. పాతవి బీరువా సొరుగులో పడి ఉంటున్నాయి. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

మన ఫోన్లలోనూ ల్యాప్‌టాప్‌లలోనూ ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. లోపల రెండు పలుచని లోహపు రేకులుంటాయి. అల్యూమినియం రేకు మీద లిథియం, కోబాల్టు కలిసిన పూత, రాగి రేకు మీద గ్రాఫైటు పూత ఉంటాయి. రెండూ తగలకుండా మధ్యలో సన్నటి ప్లాస్టిక్ పొర, లిథియం అయాన్లు అటూ ఇటూ తిరగడానికి ఒక ద్రవం. ఛార్జింగ్ పెట్టినప్పుడు ఆ అయాన్లు కోబాల్టు పూత వైపు నుంచి గ్రాఫైటులోకి వెళ్లి కూర్చుంటాయి. వాడుతున్నప్పుడు తిరిగి వస్తాయి. బ్యాటరీ చేసే పనంతా ఈ రాకపోకలే. కోబాల్టు ఆక్సైడుతో ఇది సాధ్యమని 1980లో ఆక్స్‌ఫర్డులో చూపించినవాడు జాన్ గుడినఫ్. జపాన్‌లో అకిరా యోషినో 1985లో దాన్ని భద్రంగా వాడదగిన రూపానికి తెచ్చాడు. 1991లో సోనీ కంపెనీ మార్కెట్‌లోకి దించింది. ఈ ఇద్దరితో పాటు, అంతకుముందే పునాది వేసిన స్టాన్లీ విటింగ్‌హామ్‌కీ కలిపి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. అప్పటికి గుడినఫ్ వయసు 97 ఏళ్లు. నోబెల్ అందుకున్నవాళ్లందరిలో పెద్దవాడు ఆయనే.

ఇక అరుగుదల సంగతి. అయాన్లు వెళ్లి వచ్చే ప్రతిసారీ కొన్ని తిరిగి రావు. గ్రాఫైటు మీద ఒక పొర ఏర్పడుతుంది, కొంత లిథియం అందులో చిక్కుకుపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పొర మందమవుతుంది. దానివల్ల రెండు నష్టాలు. ఒకటి అందరికీ తెలిసిందే, నిల్వ తగ్గుతుంది. రెండోది చాలామందికి తెలియదు: కరెంటు బయటికి రావడానికి లోపలే అడ్డు పెరుగుతుంది. బోరు నీళ్ల పైపులో ఉప్పు గార పేరుకుంటే ట్యాంకు నిండా నీళ్లున్నా కుళాయి సన్నగా వస్తుంది చూడండి, అలాగన్నమాట. కెమెరా తెరిచినప్పుడు, ఆట ఆడుతున్నప్పుడు ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడుగుతుంది. పాత బ్యాటరీ అంత ఇవ్వలేదు. వోల్టేజీ పడిపోతుంది, ఫోన్ ఆరిపోతుంది. 30 శాతం దగ్గర స్విచాఫ్ కావడానికి కారణం ఇదే. ఆ 30 శాతం అబద్ధం కాదు, లోపల ఛార్జి ఉంది. బయటికి రాలేకపోయింది.

ఫోన్ నెమ్మదించడానికీ దీనికీ సంబంధం ఉందని లోకానికి గట్టిగా తెలిసింది 2017 డిసెంబరులో. పాత ఐఫోన్‌కు బ్యాటరీ మార్పించుకోగానే వేగం పెరిగిందని ఒక వినియోగదారు గమనించి బయటపెట్టాడు. తర్వాత కొలతలూ ఆ మాటనే బలపరిచాయి. చివరికి ఆపిల్ ఒప్పుకుంది: బ్యాటరీ అరిగిన ఫోన్లు హఠాత్తుగా ఆరిపోకుండా ఉండటానికి సాఫ్ట్‌వేర్ ద్వారా ప్రాసెసర్ వేగం తామే తగ్గిస్తున్నామంది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ సంగతి కొన్నవాళ్లకు చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల జనం ఫోన్ ముసలిదైందనుకుని కొత్తవి కొన్నారు. గొడవ ముదిరాక ఆ కంపెనీ అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. వాడేవాళ్లందరూ గుర్తుపెట్టుకోవలసిన ఉదంతం ఇది.

బ్యాటరీని ఏది ఎక్కువగా అరగదీస్తుంది? చాలామంది పదే పదే ఛార్జింగ్ పెట్టడమే తప్పనుకుంటారు. కాదు. 50 నుంచి 100 దాకా రెండుసార్లు పెడితే లెక్కలో అది ఒక్క పూర్తి ఛార్జి. అలాంటి పూర్తి ఛార్జీలు 500 అయ్యేసరికి నిల్వ 80 శాతానికి దిగుతుందని ఒకప్పటి లెక్క. ఇప్పుడు కొన్ని ఫోన్లకు 800, 1000 దాకా చెబుతున్నారు. ఈ లెక్క కన్నా మన ఊళ్లలో పెద్ద శత్రువు వేడి.

ఒక్క పోలిక చూడండి. లిథియం బ్యాటరీని సుమారు 40 శాతం ఛార్జితో, 25 డిగ్రీల చల్లదనంలో ఏడాది ఊరికే ఉంచితే పోయేది నాలుగైదు శాతమే. అదే బ్యాటరీని నిండా 100 శాతం నింపి 40 డిగ్రీల్లో ఉంచితే ఏడాదికి దాదాపు మూడో వంతు నిల్వ పోతుంది. ఎవరూ వాడకపోయినా, ఒక్కసారి కూడా ఛార్జింగ్ పెట్టకపోయినా ఇంతే. వేడికి నిండుదనం తోడైతే గ్రాఫైటు మీది ఆ పొర వేగంగా పెరుగుతుంది. ఇప్పుడు మన మే నెల తలుచుకోండి. రామగుండంలో, రెంటచింతలలో నీడలోనే 44, 45 డిగ్రీలు. ఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని కంపెనీలు పుస్తకాల్లో రాస్తాయి. అలాంటి ఎండలో బండి హ్యాండిల్‌కు ఫోన్ బిగించి, తెర వెలుతురు పూర్తిగా పెంచి, మ్యాప్ నడిపిస్తూ, పైగా ఛార్జింగ్ పెట్టి రోజంతా తిరిగే డెలివరీ కుర్రాళ్ల ఫోన్లు ఏడాదిన్నరకే నీరసించడంలో ఆశ్చర్యం లేదు. వాళ్లకు ఫోన్ కూడు పెట్టే పనిముట్టు. సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడల్లా ఆ ఎండలో మాడుతున్న ఫోన్లను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. వాళ్లు చేయగలిగింది కొంత ఉంది. ఎండ పడుతున్నప్పుడు ఛార్జింగ్ తీసేసి, నీడకు చేరాక పెట్టుకోవాలి. మందపాటి కవరు ఉంటే ఆ కాస్సేపు తీసేయాలి. ఫోన్ కాలిపోతుంటే ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు, లోపల తడి చేరుతుంది. ఫ్యాను కింద ఉంచితే చాలు.

దిండు కింద, పరుపు మీద పెట్టి ఛార్జింగ్ చేయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. వేడి బయటికి పోదు. రాత్రంతా ఛార్జింగ్ పెడితే పేలుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. మంచి ఛార్జర్, మంచి ఫోన్ అయితే నిండగానే అదే ఆగుతుంది. 80 దాటాక ఛార్జింగ్ నెమ్మదించడం కూడా లోపం కాదు, బ్యాటరీని కాపాడటానికి అలా చేశారు. రాత్రంతా 100 దగ్గరే నిలబడి ఉండటం వల్ల మెల్లగా అరుగుతుంది, అంతే. అందుకే ఇప్పటి చాలా ఫోన్లలో 80 దగ్గర ఆపే సెట్టింగు ఇస్తున్నారు. ఎప్పుడూ ప్లగ్గుకే ఉండే ల్యాప్‌టాప్‌లకు ఈ సెట్టింగు మరీ అవసరం. ఇంటి నుంచి పనిచేసే పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఈ ఒక్క మార్పు చేయించండి. ప్రయాణం ఉన్న రోజు నిండా పెట్టుకోవచ్చు.

కొత్త ఫోన్ కొనగానే ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టాలి, పూర్తిగా సున్నాకి దిగాకే మళ్లీ పెట్టాలి అనే సలహాలు నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటివి. వాటికి అది నిజమే. లిథియానికి వర్తించదు, పైగా మాటిమాటికీ సున్నాకి దించితే నష్టం. వాడిన యాప్‌లన్నిటినీ గంటకోసారి పైకి తోసి మూసేయడం కూడా పనికిరాని శ్రమే. మూసినదాన్ని మళ్లీ మొదటినుంచి తెరవడానికే ఎక్కువ ఛార్జి ఖర్చవుతుంది.

బ్యాటరీ మార్చాలని నిర్ణయించే ముందు కొన్ని చూసుకోవాలి. ఛార్జింగ్ సరిగా ఎక్కడం లేదంటే ముందు ఇంకో కేబుల్‌తో ప్రయత్నించండి, ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది. తర్వాత ఫోన్ ఆఫ్ చేసి, కింది ఛార్జింగ్ రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. జేబులోని నూలు పీచు అట్టలా పేరుకుని ఉంటుంది. పళ్లు కుట్టుకునే చెక్క పుల్లతో మెల్లగా తీస్తే వచ్చేస్తుంది, పిన్నీసు పెట్టకూడదు. ఛార్జింగ్ ఉన్నట్టుండి త్వరగా దిగడం మొదలైతే సెట్టింగుల్లో బ్యాటరీ పేజీ తెరిచి ఏ యాప్ ఎంత తింటోందో చూడండి. ఉన్నట్టుండి జరిగేది సాధారణంగా ఏదో యాప్ పని. నెలల తరబడి మెల్లగా జరిగేది బ్యాటరీ అరుగుదల. సిగ్నల్ అందని చోట కూడా ఛార్జింగ్ దిగిపోతుంది. శ్రీశైలం వెళ్తూ నల్లమల అడవిలో ప్రవేశించాక ఫోన్ టవర్ కోసం వెతుకుతూ తన శక్తినంతా పెట్టి సంకేతాలు పంపుతుంది. ఆ కాస్త దారీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకుంటే కొండ మీద ఫొటోలకు ఛార్జింగ్ మిగులుతుంది.

అరుగుదలే అనిపిస్తే కొలిచి చూడవచ్చు. ఐఫోన్‌లో సెట్టింగుల్లోనే బ్యాటరీ ఆరోగ్యం శాతంలో కనిపిస్తుంది. శామ్‌సంగ్ ఫోన్లలో మెంబర్స్ అనే యాప్‌లో పరీక్ష ఉంది. విండోస్ ల్యాప్‌టాప్ అయితే కమాండ్ ప్రాంప్ట్ ద్వారా బ్యాటరీ రిపోర్ట్ తీయవచ్చు. అందులో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి. ఇప్పటిది 80 శాతం కన్నా తక్కువై, మీకు ఇబ్బందిగా కూడా ఉంటే మార్చుకోవచ్చు. ఒక్క మినహాయింపు: ఫోన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్లయి ఉంటే, దాంట్లోనే బ్యాంకు యాప్‌లూ యూపీఐ చెల్లింపులూ నడుపుతుంటే, అప్పుడు బ్యాటరీ మీద డబ్బు పెట్టకండి. డబ్బు వ్యవహారాలు కొత్త ఫోన్‌కు మార్చుకోవడమే క్షేమం.

మార్పించేటప్పుడు వీలైతే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. హైదరాబాద్‌లో ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల చేయి తిరిగిన పనివాళ్లున్నారు, వాళ్ల నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. భయమల్లా బ్యాటరీ సరుకు గురించే. అదే సైజులో ఉండి, కంపెనీ బ్యాటరీ కన్నా చాలా ఎక్కువ ఎంఏహెచ్ అని స్టిక్కరు వేసి ఉంటే నమ్మకండి. లోపల పట్టేది అంతే. వీలుంటే తయారీ తేదీ అడగండి. గోదాములో మూడేళ్లు ఉన్న కొత్త బ్యాటరీ సగం వయసు అక్కడే గడిపేసి ఉంటుంది. బ్యాటరీల మీద, ఛార్జర్ల మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, అంటే ఆర్ అక్షరంతో మొదలయ్యే అంకెలు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి నిజమో కాదో చూసుకోవచ్చు. ఫోన్ ఒకసారి విప్పాక నీళ్లను ఆపే జిగురు మునుపటంత పట్టదు, ఆ తర్వాత వానలో జాగ్రత్త.

ఒకప్పుడు ఈ బాధ లేదు. 2003లో వచ్చిన నోకియా 1100 వెనక మూత గోటితో తీసి, బీఎల్-5సీ బ్యాటరీ మనమే మార్చుకునేవాళ్లం. 2007లో ఆ రకం బ్యాటరీల్లో 4 కోట్ల 60 లక్షలు వేడెక్కే అవకాశం ఉందని కంపెనీ ప్రకటించినప్పుడు కూడా, మూత తీసి నంబరు చూసుకోవడం, మార్చుకోవడం జనానికి చేతిలో పనిగానే ఉంది. ఫోన్లు సన్నబడటానికీ, నీళ్లు చొరకుండా ఉండటానికీ మూతలు అతికించామంటారు తయారీదారులు. అందులో కొంత నిజం ఉంది. అయినా తప్పకుండా అరిగిపోయే భాగాన్ని జిగురుతో మూసి అమ్మడం నాకు న్యాయంగా తోచదు. యూరోపియన్ యూనియన్ ఈ విషయంలో చట్టమే చేసింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే పరికరాల్లో, కొన్ని మినహాయింపులు పోగా, బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునే వీలుండాలి. మన దేశంలోనూ ఇలాంటి నిబంధన రావాలి. ఒక్కో ఫోన్ ఏడాది ఎక్కువ బతికితే అందరికన్నా ఎక్కువ మేలు జరిగేది మనలాంటి చోటే.

ఉబ్బిన బ్యాటరీ గురించి చివరగా. ఫోన్ తెర అంచు పైకి లేచినా, వెనక మూత విచ్చుకున్నా, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ ఉబికి క్లిక్ కాకపోయినా లోపల వాయువు చేరిందని అర్థం. ఆ క్షణం నుంచి ఛార్జింగ్ పెట్టకండి, వాడకండి. నొక్కి మూత సరిచేయాలని చూడకండి, సూదితో గుచ్చకండి. రెండు రేకులూ తగిలితే మంట లేస్తుంది, అది నీళ్లకు తేలిగ్గా లొంగదు. పరికరాన్ని ఆపేసి, పిల్లలకు అందని చోట, బట్టలూ కాగితాలూ లేని గచ్చు నేల మీద ఉంచి అదే రోజు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. తీసిన పాత బ్యాటరీని చెత్త బండిలో వేయకండి. ఆ బండిలో చెత్తను యంత్రం అదుముతుంది, నలిగిన బ్యాటరీ అక్కడ అంటుకుంటే దగ్గర ఉండేది పారిశుద్ధ్య కార్మికులే. వాడేసిన బ్యాటరీలు వెనక్కి సేకరించే బాధ్యత 2022 నాటి నిబంధనల ప్రకారం తయారీ కంపెనీలదే. మార్పించుకున్న చోటే పాతది అప్పగించి, దాన్ని ఎక్కడికి పంపుతారో అడగండి.