కడుపు నిండినను తీరని కొరత



మా చిన్నకోడలు కాపురమునకు వచ్చిన రెండేండ్లలోనే ఇంటిల్లిపాదిచేత సోమరి యనిపించుకొనెను. నీళ్లబిందె యెత్తిన ఆయాసము, మెట్లెక్కిన గుండెదడ, ప్రొద్దెక్కకమునుపే నీరసము. ఆమెను మందలించినవారిలో నేనును ఒకడను. గర్భవతిగా నున్నప్పుడు వైద్యురాలు ఆమె క్రింది కనురెప్పను లాగి చూపి, "ఇచ్చట ఎఱ్ఱదన మేదీ?" అని నన్నడిగెను. నాకు నోట మాట రాలేదు. అది సోమరితనము కాదు, పాండురోగము; రక్తహీనత యనునదియు నిదియే.

రక్తమునకు ఎఱుపునిచ్చునది హిమోగ్లోబిన్ అను పదార్థము. ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును సర్వాంగములకు మోయునది యదియే. దానికి ఇనుము కావలయును. ఎఱ్ఱకణములు చక్కగా వృద్ధినొందుటకు ఫోలికామ్లము మొదలగు విటమినులును కావలయును. ఇవి చాలనిచో, కడుపునిండ అన్నము తిన్నను దేహము ఆకలితోనే యుండును. నొప్పి లేదు, జ్వరము లేదు; కావున దీనిని రోగమని యెవరును తలంపరు. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. ఇందఱి కున్నది గనుకనే యిది స్త్రీలకు సహజమని మనకు తోచుచున్నది!

1930 ప్రాంతమున లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయిలో పాండురోగపీడితలగు గర్భిణులకు ఈస్టుసార మిచ్చి గుణము చూపెను. అందలి యౌషధము ఫోలికామ్లమని పిమ్మట తెలిసినది. 1945లో అమెరికాలో దానిని కృత్రిమముగా తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందమును నడిపినవాడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. నేడు ప్రభుత్వమువారు గర్భిణులకు ఉచితముగా నిచ్చు మాత్రలో ఇనుముతోపాటు ఈ ఫోలికామ్లమును గలదు.

అయినను మాత్ర పెట్టెలోనే మిగిలిన ఫలమేమి? దానిని మ్రింగిన మలము నల్లబడును. కొందఱికి వికారమును కలుగును. ఇందుకు వెఱచి మాన్పింపకుడు; వైద్యుని యడుగుడు. భోజనముతో కాఫీ, తేనీరు త్రాగిన ఇనుము చక్కగా ఒంటబట్టదు. నిమ్మరసము, ఉసిరి దానికి తోడ్పడును. పప్పులు, ఆకుకూరలు, తినువారికి మాంసము మేలు. వట్టికాళ్లతో మురికినేలపై తిరుగువారి పాదములగుండ కొంకిపురుగు దేహమున జొచ్చి, ప్రేగులలో రక్తమును పీల్చును. మరుగుదొడ్డియు, చెప్పులును దీనికి అడ్డు. రక్తహీనతకు వేఱు కారణములును కలవు గనుక రక్తపరీక్ష తప్పక చేయింపవలయును.

ఇంకొక చికిత్స మన చేతిలోనే యున్నది. పెక్కిండ్లలో అందఱును తినిన పిమ్మట, అడుగున మిగిలిన కూరతో కోడలు భుజించును. ఆ యాచారమును మాన్పగలవారు వైద్యులు కారు, పెద్దలమైన మనమే. మా కోడలు కొన్ని నెలలకు కోలుకొన్నది. ఇప్పుడు మా యింట ఆమె విస్తరియు మా విస్తళ్లతోడనే పడుచున్నది. ఈ రాత్రి మీ యింట ఎవరు కడపట తినుచున్నారో ఒక్కమారు చూడుడు.