మీకు తెలుసా? బ్యాండు వదిలిన గొంతు

మార్కాపురం, గిద్దలూరు వైపు నుంచి పనుల కోసం హైదరాబాద్ చేరినవాళ్లకు 'ఊరెళ్ళిపోతా మామ' పాటను పరిచయం చేయక్కర్లేదు. పట్నంలో ఉంటూ సొంతూరి మీద బెంగ పెట్టుకున్న మనిషి పాట అది. ఆ ఊళ్ల నుంచి దోర్నాల, శ్రీశైలం ఘాట్ మీదుగా బస్సెక్కినవాళ్ల మనసు కూడా అదే.

ఆ పాటను జనంలోకి తెచ్చింది హైదరాబాద్ బ్యాండు 'చౌరస్తా'. అందులో వినిపించే గొంతు రామ్ మిరియాలది. 2020లో కరోనా జాగ్రత్తలు చెప్పిన బ్యాండు పాటా ఆయన పాడిందే. తర్వాత ఆయన బ్యాండు నుంచి బయటికొచ్చారు. 2021లో 'జాతిరత్నాలు' సినిమాలో 'చిట్టి' పాట పాడారు. 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాటకు బాణీ కట్టి తానే పాడారు. 2023లో 'బలగం'లో గాయని మంగ్లీతో కలిసి పల్లెటూరి పాట అందుకున్నారు.

పాశ్చాత్య దేశాల్లో ఇలా విడిపోయినవాళ్లు సాధారణంగా సొంత ఆల్బమ్‌తో మొదలుపెడతారు. బీటిల్స్ బ్యాండు చీలిపోతున్న 1970 ఏప్రిల్‌లో దాని సభ్యుడు పాల్ మెకార్ట్‌నీ తన పేరుతోనే ఆల్బమ్ విడుదల చేశారు. గిటార్, డ్రమ్స్, పియానో అన్నీ ఆయనే వాయించారు. కొంత రికార్డింగ్ లండన్‌లోని సొంతింట్లో, నాలుగు ట్రాకుల యంత్రం మీదే జరిగింది. గొంతు కలిపింది భార్య లిండా.

మన దగ్గర ఆల్బమ్‌లకు కొనుగోలుదారులు తక్కువ. బ్యాండు వదిలిన గాయకుడికి సినిమాయే దారి. ఒక్క గిటారుతో రామ్ మిరియాల ఓ ఆల్బమ్ చేస్తే వినాలని మాత్రం ఉంది!