వంటింటికి సెలవు... అరకు వెళ్ళొద్దాం!

శని, ఆది, సోమ వరుసగా సెలవులొస్తే ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా పోదామంటారు. కానీ స్టవ్వూ, గిన్నెలూ మూటగట్టుకుని వెళితే మనకి మిగిలేది ఇంకో ఊళ్ళో వంటే! అందుకే ఈసారి తినడానికే వెళదాం. మా సైదాబాద్ వాళ్ళకైనా, మీకైనా అరకు బాగుంటుంది.

శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖపట్నం. అక్కణ్ణుంచి పొద్దున్నే కిరండూల్ రైలు. సొరంగాలు దాటుకుంటూ సుమారు 900 మీటర్ల ఎత్తుకి తీసుకెళుతుంది. రెండింటికీ ముందే రిజర్వేషన్ చేయించండి. దారికి పులిహోర, పెరుగన్నం చాలు.

అరకులో తినాల్సింది బొంగు చికెన్. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు, వెదురు చెమ్మతోనే ఉడుకుతుంది. టైము పడుతుంది కనుక ఆర్డరిచ్చి కాస్త తిరిగి రండి. పిల్లలకి కారం తగ్గించాలంటే మసాలా పట్టించకముందే చెప్పాలి సుమా!

శాకాహారులకీ, మనకీ అక్కడి కాఫీ ఉండనే ఉంది. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటాయి. చికోరీ కలపని పొడి, కాసిని మిరియాలు కొనుక్కోండి.

సోమవారం రోడ్డు దారిన బొర్రా గుహలు చూసుకుని విశాఖలో సాయంత్రం రైలెక్కితే మంగళవారం పొద్దున్నకి ఇల్లు. ఆ పూట అరకు కాఫీ మాత్రం మీవారినే కలపమనండి!