చలనమే ప్రమాణం: ఎన్.జి.సి. 4889 గెలాక్సీ కృష్ణబిలం ద్రవ్యరాశి నిర్ణయం

ఉపోద్ఘాతం:
ప్రత్యక్షానికి అందని విషయాన్ని దాని కార్యాన్ని బట్టి గ్రహించడాన్ని తర్కశాస్త్రం 'అనుమానం' అంటుంది. ఖగోళశాస్త్రంలో ద్రవ్యరాశి నిర్ణయం చాలావరకు ఈ పద్ధతిలోనే సాగుతుంది. కోమా గెలాక్సీ సమూహంలోని ఎన్.జి.సి. 4889 అనే దీర్ఘవృత్తాకార గెలాక్సీ ఆధారంగా ఆ పద్ధతి బలాన్ని, పరిమితిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సమూహం - గెలాక్సీ:
కోమా సమూహం మనకు 30 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది. అందులో వెయ్యికి మించి గెలాక్సీలు ఉన్నాయి. వాటిలో అత్యంత ప్రకాశవంతమైన ఎన్.జి.సి. 4889ను విలియం హెర్షెల్ 1785లో గుర్తించాడు. దీనికి సర్పిల భుజాలు లేవు. ఇందులో అధికభాగం వృద్ధ నక్షత్రాలే. కొత్త నక్షత్రాల పుట్టుకకు కావలసిన చల్లని వాయువు అత్యల్పం.

జ్వికీ పరిశీలన:
1933లో ఫ్రిట్జ్ జ్వికీ ఈ సమూహంలోని గెలాక్సీల వేగాలను పరిశీలించాడు. అవి సెకనుకు వెయ్యి కిలోమీటర్ల స్థాయిలో ఒకదానికొకటి భిన్నంగా ఉన్నాయి. కంటికి కనిపించే పదార్థం మాత్రమే ఉంటే సమూహం ఎన్నడో చెదిరిపోయి ఉండాలి. కాబట్టి కనిపించని పదార్థం ఉందని ఆయన నిర్ణయించాడు. ఆయన వాడిన హబుల్ స్థిరాంకం నేటి విలువకు దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువ. అందువల్ల ఆయన అంకె మారింది, నిర్ణయం మాత్రం నిలిచింది. ఆ తరువాత ఎక్స్-కిరణాల ద్వారా బయటపడిన వేడి వాయువు ద్రవ్యరాశిని కలిపినా లోటు పూడలేదు.

కేంద్రంలోని కృష్ణబిలం:
ఇదే తర్కం గెలాక్సీ కేంద్రానికీ వర్తిస్తుంది. ఎన్.జి.సి. 4889 కేంద్రంలో క్వేజార్ వంటి తీవ్ర ప్రకాశం లేదు. కనుక నక్షత్రాల చలనమే ఆధారం. ఇంత దూరంలో ఒక్కొక్క నక్షత్రం విడిగా కనిపించదు. అయితే వేర్వేరు వేగాలతో కదిలే నక్షత్రాల కాంతి కలిసినప్పుడు డాప్లర్ ప్రభావం వల్ల వర్ణపట రేఖలు వెడల్పవుతాయి. ఆ వెడల్పు వేగాల విస్తృతిని తెలుపుతుంది. ఈ పద్ధతితో 2011లో నేచర్ పత్రికలో వెలువడిన అధ్యయనం కృష్ణబిలం ద్రవ్యరాశిని 2,100 కోట్ల సౌర ద్రవ్యరాశులుగా అంచనా వేసింది. అంత ద్రవ్యరాశి ఉంటే, భ్రమణం లేదనుకున్నప్పుడు, ఘటనా క్షితిజం వ్యాసం సుమారు 12,400 కోట్ల కిలోమీటర్లు, అంటే నెప్ట్యూన్ కక్ష్య వ్యాసానికి దాదాపు 14 రెట్లు.

అనిశ్చితి:
అయితే ఆ అధ్యయనమే 600 కోట్ల నుంచి 3,700 కోట్ల వరకు పరిధిని సూచించింది. కేంద్రానికి ఇరువైపులా వేగాలు సమరూపంగా లేకపోవడం ఇందుకు ముఖ్య కారణం. పైగా నక్షత్రాల ద్రవ్యరాశిని, అదృశ్య పదార్థాన్ని, కక్ష్యల తీరును ఒకే నమూనాలో కలిపి లెక్కించాలి.

ముగింపు:
జనాదరణ రచనల్లో 2,100 కోట్లనే అంకె ఒంటరిగా కనిపిస్తుంది. బోధనలో దానిని పరిధితో కలిపి చెప్పడం అవసరం. కేంద్రంలో అతిభారీ కృష్ణబిలం ఉందన్నది నిర్ణయం. దాని బరువు ఇంత అన్నది అంచనా. జ్వికీ ఉదంతం చూపినట్లు, అంకె సవరణకు లోనైనంత మాత్రాన దాని వెనుకనున్న నిర్ణయం వీగిపోదు. ఈ భేదాన్ని విద్యార్థికి స్పష్టం చేయడమే శాస్త్రబోధన బాధ్యత.