మూడు - సున్నా వెనక ముచ్చెమటలు

నందిగామ, జగ్గయ్యపేట: కబడ్డీ గాని, వాలీబాల్ గాని, ఎదుటి జట్టును బోణీ కొట్టనివ్వకుండా గెలిస్తే అది ఏకపక్షపు ఆట అని ఊళ్లో తేల్చేస్తారు. 2022 మే 15న బ్యాంకాక్‌లో జరిగిన థామస్ కప్ ఫైనల్ ఫలితం కూడా కాగితం మీద అలాగే కనిపిస్తుంది. భారత్ 3, ఇండోనేషియా 0. ఆ సున్నాను చూసి సులువైన గెలుపు అనుకుంటే పొరపాటే.

థామస్ కప్ పురుషుల షటిల్ బ్యాడ్మింటన్‌లో దేశాల మధ్య జరిగే పోటీ. ఫైనల్‌లో మూడు సింగిల్స్, రెండు డబుల్స్ ఉంటాయి. ముందుగా మూడు గెలిచిన జట్టుదే కప్పు. ఇండోనేషియా అప్పటికే 14 సార్లు గెలిచిన జట్టు. భారత్ అంతవరకు ఫైనల్ ముఖమే చూడలేదు.

తొలి మ్యాచ్‌లో లక్ష్యసేన్ మొదటి గేమును 8-21తో పోగొట్టుకున్నాడు. తేరుకుని 21-17, 21-16తో గట్టెక్కాడు. రెండోది డబుల్స్. కోనసీమలోని అమలాపురం యువకుడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, ముంబయికి చెందిన చిరాగ్ షెట్టి కలిసి ఆడారు. వీరు కూడా మొదటి గేమును 18-21తో వదులుకున్నారు. రెండో గేములో ఒక్క పాయింటు పోతే ఓటమే అన్న స్థితి నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ కాచుకుని 23-21, 21-19తో గెలిచారు. మూడో మ్యాచ్‌లో గుంటూరు ఆటగాడు కిడాంబి శ్రీకాంత్ 21-15, 23-21తో జొనాథన్ క్రిస్టీని ఓడించాడు. మిగిలిన రెండు మ్యాచ్‌లు ఆడే పనే లేకపోయింది.

మూడు మ్యాచ్‌ల పాయింట్లూ కూడి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. భారత్‌కు 156, ఇండోనేషియాకు 151. తేడా అయిదే. లక్ష్యసేన్ తన మ్యాచ్‌లో ప్రత్యర్థి కన్నా నాలుగు పాయింట్లు తక్కువ తెచ్చుకుని కూడా గెలిచాడు. ఎన్నికల్లో ఓట్ల తేడా కొద్దిగానే ఉన్నా సీట్లన్నీ ఒకే పక్షానికి పోవడం పల్లెల్లో అందరికీ తెలిసిందే. ఇదీ అలాంటిదే.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారి అప్పటికి ఆరు వారాలైనా కాలేదు. ఈ ఊళ్ల మీదుగా సాగే విజయవాడ - హైదరాబాద్ రహదారికి ఆ చివరన, గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ ఉంది. శ్రీకాంత్, సాత్విక్ ఇద్దరూ అక్కడ తర్ఫీదు పొందినవారే.

పల్లెల్లో పాతతరం వారికి అలవాటైనది బాల్ బ్యాడ్మింటన్. పసుపుపచ్చని ఉన్ని బంతితో, జట్టుకు అయిదుగురు చొప్పున, ఆరుబయట ఆడతారు. షటిల్ సంగతి వేరు. పదహారు ఈకల ఆ కాక్ అయిదు గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. చిరుగాలికే దారి తప్పుతుంది. పోటీ స్థాయిలో నేర్చుకోవాలంటే గాలి చొరబడని, ఎత్తయిన కప్పున్న హాలు కావాలి. మెట్ట ప్రాంతపు పిల్లలకు షటిల్ నేర్పాలనుకునే పెద్దలు ముందుగా ఆలోచించవలసింది దీని గురించే.

ఇక బళ్లో ఆటలు ఆడించేవారు గుర్తుంచుకోదగ్గ మాట ఒకటుంది. సున్నాతో ఓడి వచ్చిన జట్టును చిన్నచూపు చూసే ముందు, ఒక్కో గేములో ఎన్ని పాయింట్ల దాకా వెళ్లిందో అడగాలి. ఆ రోజు బ్యాంకాక్‌లో సున్నాతో ఓడిన జట్టు 151 పాయింట్లు సాధించింది.