జెన్నీ టోపీ సరే, అమ్మమ్మ కొప్పు సంగతేమిటి?

‘ఆర్.ఆర్.ఆర్.’ (2022) చూశారుగా! కథాకాలం 1920. తెల్లదొరసాని జెన్నీకి ఆనాటి గౌన్లు, టోపీలు రమా రాజమౌళి ముచ్చటగా అమర్చారు. కథ మొదలయ్యేది మన ఆదిలాబాద్ అడవుల్లోనే! మరి ఆ రోజుల్లో మన లక్సెట్టిపేట ఆడవాళ్ళ సింగారం ఎలా ఉండేది?

మా మేనకోడలు కాలేజీ ఫంక్షన్‌లో పాతకాలపు వేషం వేస్తానంటే, మా అమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ముందు గోచి పెట్టి నేతచీర కట్టింది. తలకు ఆముదం రాసి నున్నగా దువ్వింది. భుజాల దాకా ఉన్న జుట్టు కొప్పుకి చాలదే! పెట్టెలోంచి సవరం తీసింది. వయసులో ఉన్నప్పుడు రాలిన తన వెంట్రుకలతోనే కట్టించుకున్నదట. ఒక్క పిన్ను లేకుండా కొప్పు చుట్టింది. చేతులు వణికి రెండుసార్లు జారిపోయింది.

"మా అమ్మమ్మ నాకు గిట్లనే ఏసేది బిడ్డా" అంది.

అద్దంలో చూసుకుని మురిసిపోతోంది పిల్ల. అంతలో అమ్మమ్మ కొప్పు లాగి విప్పేసింది.

"ఇగ నువ్వు ఏసుకో. నేనుండంగనే నేర్చుకో!"